పక్షుల గూళ్ల పరిశీలన, ఫోటోగ్రఫీ: తరచుగా అడిగే ప్రశ్నలు

గూడు కట్టుకున్న పక్షిని ఫోటో తీయడం తప్పా?

తప్పు కాదు, కానీ అది మామూలు పక్షి ఫోటోగ్రఫీ కంటే చాలా బాధ్యతతో కూడిన పని. నీటి ఒడ్డున మేస్తున్న పక్షికి మన ఉనికి నచ్చకపోతే అది లేచి అవతలి ఒడ్డుకు పోతుంది. దానికి పోయేది కాస్త మేత మాత్రమే. గూటి దగ్గర ఉన్న పక్షికి ఆ వెసులుబాటు లేదు. అది లేచిపోతే గుడ్లు చల్లబడతాయి, లేదా ఎండ పాలవుతాయి, లేదా పొంచి ఉన్న కాకి కంట పడతాయి. అందువల్ల కింది సమాధానాలన్నింటికీ ఆధారం ఒక్కటే ప్రశ్న: మనం అక్కడ ఉండగా ఆ పక్షి తన పనిని మనం లేనప్పటి లాగే చేసుకుంటోందా? చేసుకుంటుంటే ఉండవచ్చు. లేకపోతే వెలుతురు ఎంత బాగున్నా వెనక్కి రావాలి.

పొదలన్నీ కలియబెట్టకుండా గూడు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి?

దూరంగా ఒకచోట కదలకుండా కూర్చుని, బైనాక్యులర్స్‌తో పక్షి ముక్కును గమనించాలి. ముక్కున పుల్లలు, పీచు, ఈకలు కనిపిస్తే గూడు కడుతోందని అర్థం. పురుగును పట్టి వెంటనే మింగకుండా అటే మోసుకుపోతుంటే పిల్లలున్నాయని అర్థం. కొన్ని జాతులలో జంట కట్టే కాలంలో మగది ఆడదానికి మేత తెచ్చిపెడుతుంది కనుక, ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకూడదు. పక్షి సాధారణంగా నేరుగా గూటికి పోదు. ముందు ఒక కొమ్మ మీద, తరువాత ఇంకో కొమ్మ మీద వాలి, నాలుగు వైపులా చూసి, అప్పుడు చటుక్కున ఆకుల్లో దూరుతుంది. ఆ రెండు మూడు మజిలీ కొమ్మలు తెలిస్తే చాలు. గూటి లోపలికి తొంగి చూడవలసిన పని చాలావరకు ఉండదు.

గుడ్లు పిగిలిన సంగతి గూట్లో చూడకుండా తెలుస్తుందా?

తెలుస్తుంది. పొదిగే రోజుల్లో పక్షి గంటలో ఏ కొద్ది సార్లో గూడు దిగి వస్తుంది. పిల్లలు వచ్చాక రాకపోకలు ఒక్కసారిగా పెరుగుతాయి. చాలా జాతులు పగిలిన పెంకులను గూటి నుంచి దూరంగా తీసుకుపోయి పడవేస్తాయి. పెంకు లోపలి తెల్లదనం శత్రువులకు గూటి జాడ చెబుతుందనీ, అందుకే పక్షులు దాన్ని తొలగిస్తాయనీ జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త నికో టిన్‌బెర్జెన్, ఆయన సహచరులు నల్లతల గల్ అనే నీటి పక్షులపై చేసిన ప్రయోగాలతో 1962లో చూపారు. బాటలో సగం పెంకు ఒంటరిగా పడి ఉంటే అది ప్రమాదానికి గుర్తు కానక్కరలేదు.

పిల్లలు వచ్చాయనడానికి ఇంకో మంచి గుర్తు రెట్ట సంచి. చిన్న పక్షుల పిల్లలు రెట్టను పలచని తెల్లని పొరలో చుట్టిన బుడిపెలాగా విడుస్తాయి. పెద్ద పక్షి మేత పెట్టాక వెంటనే లేచిపోదు. తల ఒక పక్కకు వంచి, గూటి అంచున కొద్ది క్షణాలు ఆగుతుంది. ఒక పిల్ల వెనక్కి తిరిగి తోక భాగాన్ని పైకెత్తుతుంది, తెల్లని బుడిపె బయటికి వస్తుండగానే పెద్దది దాన్ని ముక్కుతో అందుకుని ఎగిరిపోతుంది. దూరంగా పోయి పడవేస్తుంది, పిల్లలు మరీ చిన్నవైతే కొన్నిసార్లు తానే మింగేస్తుంది. ఫోటో తీసేవారు ఈ క్షణాన్ని అంతగా పట్టించుకోరు. నా దృష్టిలో మేత పెట్టే ఫోటో కంటే ఇదే గూటి లోపలి జీవితాన్ని ఎక్కువగా చెబుతుంది.

ఎంత దూరంలో ఉండాలి?

ఇన్ని మీటర్లు అని చెప్పే ఏ నియమమూ అన్ని పక్షులకూ సరిపోదు. మనుషుల మధ్య బతికే పిచ్చుకకు కొద్ది మీటర్ల దూరం చాలవచ్చు. పెద్ద డేగ జాతులు కొన్ని వందల మీటర్ల దూరంలో మనిషి కనిపించినా గూడు వదిలి లేవవచ్చు. ఒకే జాతిలో కూడా, నిత్యం మనుషులు నడిచే బాట పక్కన గూడు కట్టిన జంట ఓర్చుకున్న దాన్ని, ఏకాంతంలో ఉన్న జంట ఓర్చుకోదు. కనుక దూరాన్ని పక్షినే నిర్ణయించనివ్వాలి. చాలా దూరంలో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా ముందుకు జరిగి, ప్రతిసారీ ఆగి చూడాలి. పక్షి మేత తేవడం ఆపి మనవైపు చూడసాగిన చోటును దాటి వచ్చేశామని గ్రహించి, అక్కడి నుంచి గణనీయంగా వెనక్కి జరగాలి. పక్షి లేచిపోయేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్లు.

పక్షి ఇబ్బంది పడుతోందని ఎలా గుర్తించాలి?

అరవడం, తల మీదుగా దూసుకు రావడం, రెక్క విరిగినట్లు నేల మీద ఈడ్చుకుంటూ మనల్ని పక్కకు లాగాలని చూడడం ఎవరికైనా తెలిసే గుర్తులు. ఇవి చూసి "ఎంత చక్కటి ప్రవర్తన" అని కెమెరా ఎత్తడం కంటే పెద్ద పొరపాటు ఉండదు. ఆ నటనంతా మన కోసమే, ఆ సేపంతా గుడ్లు దిక్కులేకుండా ఉన్నాయి.

మౌనంగా ఉండే గుర్తులను పట్టడం కష్టం. ముక్కున మేత పట్టుకుని గూటికి పోకుండా కొమ్మ నుంచి కొమ్మకు దూకుతున్న పక్షి మన కోసం ఎదురుచూస్తోంది, మనం పోవాలని. చివరికి ఆ మేతను తానే మింగేసిందంటే ఒక పూట తిండి పిల్లలకు తప్పినట్లే. ఈకలు ఒంటికి అదుముకుని, మెడ చాచి, బిగుసుకుపోయి పొదుగుతున్న పక్షిని చూసి "అలవాటు పడిపోయింది" అనుకోకూడదు. కదలకపోవడం ధీమా కాదు, చాలా జాతులకు అది చివరి రక్షణ ఉపాయం.

ఆచరణలో పనికొచ్చే కొలత ఇది: మనం వెళ్లి కూర్చున్న తరువాత పక్షి తన మామూలు వ్యవధిలో గూటికి రావాలి. ఆ వ్యవధి ఎంతో దూరం నుంచి ముందే గమనించి రాసుకుని ఉండాలి. అంతకు మించి ఆలస్యమైతే లేచి వచ్చేయాలి.

గూటి జీవితంలో ఏ దశలో దూరంగా ఉండాలి?

మొదటి దశకూ చివరి దశకూ ముప్పు ఎక్కువ. గూడు కడుతున్నప్పుడు, గుడ్లు పెడుతున్నప్పుడు జంట ఆ గూటి మీద పెట్టిన శ్రమ ఇంకా తక్కువ కనుక, చిన్న అలజడికే వదిలేసి వేరే చోటు వెతుక్కోవచ్చు. పొదగడం మొదలైన తొలి రోజులూ అలాంటివే. చివరి దశలో ప్రమాదం వేరు: ఈకలు దాదాపు నిండిన పిల్లలు భయపడితే, ఇంకా ఎగరలేకపోయినా, ఒక్కసారిగా గూడు దూకేస్తాయి. వాటిని పట్టి తిరిగి గూటిలో పెట్టినా ఉండవు.

పిల్లలు పుట్టిన కొద్ది రోజుల తరువాత, వాటి ఈకలు విచ్చుకోసాగి, తల్లి వాటిని ఎప్పుడూ కప్పి ఉంచనక్కర లేని మధ్య కాలం మేలు. ఆ రోజుల్లో కూడా మండే ఎండలో, వానలో, చలిగాలిలో వెళ్లకూడదు. పొదుగుతున్న గుడ్డు వేడి సుమారు 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. కొంతసేపు చల్లబడినా పిండం తట్టుకోగలదు. 40 డిగ్రీలు దాటి వేడెక్కితే తట్టుకోవడం చాలా కష్టం. మిట్ట మధ్యాహ్నం తల్లిని లేపడం అందుకే ఎక్కువ ప్రమాదకరం.

గూట్లో గుడ్లున్నాయి, పొదిగే పక్షి లేదు. వదిలేసి పోయిందా?

చాలావరకు లేదు. చిన్న పక్షులు సాధారణంగా రోజుకొక్క గుడ్డు పెడతాయి, ఆఖరి గుడ్డో దాని ముందుదో పెట్టేదాకా గట్టిగా పొదగవు. పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి పుట్టేందుకు ఇది ఏర్పాటు. ఆ రోజుల్లో చల్లగా, ఒంటరిగా కనిపించే గుడ్లు ప్రాణంతో ఉన్న గుడ్లే. అనుమానం తీర్చుకోవడానికి మళ్లీ మళ్లీ దగ్గరికి పోవడమే నిజంగా వదిలేయడానికి కారణం కావచ్చు.

మనిషి చేయి తగిలితే తల్లి పిల్లను దగ్గరికి రానివ్వదంటారు. నిజమేనా?

నిజం కాదు. చాలా పక్షులు తమ పిల్లలను వాసనతో గుర్తించవు, మన చేతి వాసనకు వాటిని వెలివేయవు. గూటిని వదిలేది తాకిడికి కాదు, పదేపదే కలిగే అలజడికి.

నేల మీద పిల్ల కనిపించింది. ఏం చేయాలి?

ముందు దాని ఒళ్లు చూడాలి. ఈకలు వచ్చి, తోక పొట్టిగా ఉండి, గంతులు వేస్తుంటే అది గూడు వదిలే వయసుకు వచ్చిన పిల్ల. పెద్దవి దగ్గర్లోనే ఉండి మేత పెడుతుంటాయి, మనం కదలగానే వస్తాయి. బాట మధ్యలోనో, పిల్లి తిరిగే చోటో ఉంటే పక్కనున్న పొదలోకి చేర్చి వచ్చేయాలి. ఒంటి మీద ఈకలు లేకుండా, కళ్లు మూసుకుని ఉంటే అది గూటి నుంచి జారిన పిల్ల. గూడు అందే ఎత్తులో ఉంటే మెల్లగా తిరిగి పెట్టవచ్చు. గాయపడి ఉంటే వన్యప్రాణులకు చికిత్స చేసే వారికి అప్పగించాలి. ఇంటికి తెచ్చి పెంచకూడదు. నోట్లో నీళ్లు పోయకూడదు.

మాటు వేసుకుని కూర్చోవాలంటే ఎలా?

ఈ కళకు పెద్ద చరిత్రే ఉంది. 1890లలో గూళ్లను ఫోటో తీయడంలో పేరు పొందిన రిచర్డ్, చెర్రీ కీర్టన్ సోదరులు లోపల డొల్లగా ఉన్న ఎద్దు బొమ్మలో దూరి కూడా ఫోటోలు తీశారు. ఇప్పుడు మడిచి తీసుకుపోగల గుడ్డ గుడారాలు దొరుకుతున్నాయి, పని మాత్రం అదే: మనిషి ఆకారాన్నీ, ముఖ్యంగా చేతుల కదలికనూ మరుగుపరచడం.

మాటును ఒక్కసారిగా దగ్గర నిలబెట్టకూడదు. తొలి రోజు దూరాన ఉంచి, పక్షి దానిని పట్టించుకోవడం మానేశాక, రోజుకు కొంత చొప్పున ముందుకు జరపాలి. గుడ్డ గాలికి కొట్టుకోకుండా అన్ని మూలలూ బిగించాలి. రెపరెపలాడే అంచు మనిషి కంటే ఎక్కువ భయపెడుతుంది. లోపలికి పోయేటప్పుడు ఒకరిని వెంట తీసుకుపోయి, వారిని వెనక్కి పంపడం పాత ఉపాయం. మనుషులు వచ్చి వెళ్లిపోయారని పక్షి తృప్తి పడుతుంది, ఇద్దరు వచ్చి ఒకరే పోయిన లెక్క సాధారణంగా దానికి పట్టదు. బయటికి వచ్చేటప్పుడు కూడా వారు వచ్చి పిలుచుకుపోవాలి. లేకుంటే ఖాళీ అనుకున్న గుడారం నుంచి హఠాత్తుగా మనిషి లేచి రావడం ఆ పక్షి చూస్తుంది, తరువాతి రోజు నుంచి మాటును నమ్మదు.

వాహనాలు తిరిగే దారి పక్కన గూడు ఉంటే ఆపిన కారే మంచి మాటు. తలుపు తీయకుండా ఉంటే చాలు.

గూటికి అడ్డంగా ఉన్న ఆకులు, కొమ్మలు తొలగించవచ్చా?

వద్దు. ఆ ఆకే పిల్లలకు నీడ, ఆ కొమ్మే కాకికి తెర. కాసేపు తాడుతో పక్కకు కట్టి మళ్లీ వదులుతామని కొందరు అంటారు. వదలడం మరచిన చోట ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. అడ్డం ఉంటే ఫోటో లేదని అనుకోవాలి, లేదా ఆకుల సందులోంచే తీయాలి. గూటి వరకు గడ్డి తొక్కి బాట చేయడం కూడా దాని ఆచూకీ చెప్పడమే. పోవలసి వస్తే గూటి దగ్గర ఆగిపోయే దారిలో కాక, దాన్ని దాటి ముందుకు సాగే దారిలో పోవాలి.

ఏ లెన్స్, ఏ సెట్టింగులు పనికొస్తాయి?

400 నుంచి 600 మిల్లీమీటర్ల టెలిఫోటో లెన్స్, గట్టి ట్రైపాడ్ ఉంటే చాలు. పక్షి గూటి అంచున వాలి మేత పెట్టే సమయంలో తల చాలా వేగంగా కదులుతుంది కనుక షట్టర్ స్పీడ్ సెకనులో 1/1000 కంటే తగ్గకుండా చూసుకోవాలి. వాలేటప్పుడు, లేచేటప్పుడు రెక్కలు స్పష్టంగా రావాలంటే 1/2000 లేదా అంతకు మించి కావాలి. ఆ వెలుతురుకు ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెరిగితే పెరగనివ్వాలి. దానివల్ల గింజలు గింజలుగా, చుక్కలు పడినట్లు వచ్చిన ఫోటోను సరిచేయవచ్చు, కదిలిపోయిన ఫోటోను సరిచేయలేం. మిర్రర్‌లెస్ కెమెరాలో శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ గూటి దగ్గర నిజమైన వరం, కాకపోతే సెన్సర్ నెమ్మదిగా చదివే కెమెరాల్లో వేగంగా ఆడే రెక్కలు వంగినట్లు పడతాయి. ఫోకస్‌కు సాయంగా వెలిగే చిన్న దీపాన్ని, బీప్ శబ్దాన్ని ముందే ఆపివేయాలి.

ఒక మాట చెప్పక తప్పదు. మజిలీ కొమ్మ మీద ముక్కు నిండా పురుగులతో, ఒంటి నిండా వెలుతురుతో వాలిన పక్షి ఫోటో, గూటి చీకట్లో తీసిన ఫోటో కంటే చాలాసార్లు బాగుంటుంది. అది గూటికి దూరంగా తీయగలిగినది. మొదట దానికే ప్రయత్నించమని సలహా.

ఫ్లాష్, డ్రోన్, రికార్డు చేసిన కూతలు వాడవచ్చా?

మూడింటినీ ఇంట్లోనే వదిలి వెళ్లాలి. డ్రోన్‌ను చాలా పక్షులు వేటాడే పక్షిగా భావించి గూడు వదిలి లేస్తాయి, కొన్ని దాని మీద దాడి చేసి గాయపడతాయి. కూత వినిపిస్తే తన హద్దులోకి ఇంకో మగది వచ్చిందని మగపక్షి మేత వెతకడం మాని దాని కోసం తిరుగుతుంది. రాత్రి పక్షుల మీద ఫ్లాష్ వాడితే వాటి చూపు కొంతసేపు దెబ్బతింటుంది.

గుడ్లగూబల గూటి దగ్గర ప్రత్యేక జాగ్రత్తలు ఉన్నాయా?

ఉన్నాయి, అవి మన కోసం. పిల్లలున్న గుడ్లగూబ చీకట్లో శబ్దం లేకుండా ముఖం మీదికే వస్తుంది. ప్రసిద్ధ పక్షి ఫోటోగ్రాఫర్ ఎరిక్ హోస్కింగ్ 1937లో టానీ గుడ్లగూబ గోళ్లకు ఒక కన్ను పోగొట్టుకున్నారు.

నేల మీద గూడు పెట్టే పక్షుల సంగతేమిటి?

వీటి విషయంలో మన పాదాలే పెద్ద ప్రమాదం. తీతువు, ఉల్లంకి వంటి పక్షుల గుడ్లు గులకరాళ్ల మధ్య ఇంకో గులకరాయిలా కలిసిపోతాయి. ఒక గూడు కనిపించిందంటే అడుగు తీసి అడుగు వేసే ముందు కింద చూడాలి, వచ్చిన అడుగుల మీదుగానే వెనక్కి పోవాలి. తీతువు ఎండ ముదిరినప్పుడు నీటిలో దిగి, పొట్ట ఈకలు తడుపుకుని, నీళ్లు కారుతుండగానే పరుగున వచ్చి గుడ్ల మీద నిలబడుతుంది. ఆ తడి గుడ్లను చల్లబరుస్తుంది. ఆ పక్షికీ నీటికీ మధ్య మనం కూర్చుంటే, ఏ అరుపూ లేకుండానే ఆ గుడ్లు పోవచ్చు. కనుక గూడు ఎక్కడుందో చూసినంత శ్రద్ధగా నీరెక్కడుందో కూడా చూడాలి.

కొంగలు, గల్ పక్షులు గుంపుగా గూళ్లు కట్టే చోట?

లోపలికి అడుగు పెట్టకూడదు. ఒక్క పక్షి బెదిరితే గుంపంతా లేస్తుంది, ఆ నిమిషాల్లో కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి. భయపడి పరిగెత్తిన పిల్లలు పక్క గూటి హద్దులోకి పోతే గల్ పక్షులు వాటిని పొడిచి చంపుతాయి కూడా. అంచున, ఎత్తైన చోట నుంచి చూడడమే మేలు.

తొర్రలో గూడున్న పక్షుల విషయంలో తేడా ఏమైనా ఉందా?

ఉంది. పెద్ద వంపు ముక్కు ఉండే హార్న్‌బిల్ జాతుల్లో చాలావాటిలో ఆడపక్షి తొర్రలోకి పోయి, సన్నని చీలిక మాత్రం మిగిల్చి ద్వారాన్ని పూడ్చుకుంటుంది. ఆ తరువాత వారాల తరబడి దాని తిండి అంతా మగపక్షి ముక్కు మీదే ఆధారం. మగది మనల్ని చూసి జంకి చెట్టుకు రాకపోతే లోపలున్నవన్నీ పస్తు. ఇలాంటి చెట్టు కింద నిలబడడం కంటే దూరం నుంచి ఎదురు కొమ్మను చూడాలి.

గూట్లో కోకిల పిల్ల ఉంది, లేదా పెద్ద పిల్ల చిన్నదాన్ని పొడుస్తోంది. కల్పించుకోవాలా?

కల్పించుకోకూడదు. కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టడం, కొన్ని గద్ద జాతుల్లో ముందు పుట్టిన పిల్ల తరువాతి దాన్ని చంపడం ఆ జాతులు బతికే తీరులోని భాగాలు. చూడడం కష్టమైతే కెమెరా మూసి రావచ్చు.

పక్షులు గూడు పెట్టుకునేందుకు మనం తగిలించే గూటి పెట్టెలో కెమెరా అమర్చవచ్చా?

అమర్చవచ్చు, అన్నింటిలోకీ హాని తక్కువ పద్ధతి ఇదే. కాకపోతే గూళ్ల కాలం మొదలవకముందే కెమెరానూ తీగలనూ బిగించి, పక్షి వచ్చాక పెట్టె తెరవకూడదు. కంటికి కనిపించని పరారుణ దీపం మాత్రమే వాడాలి.

చట్టం ఏమంటుంది?

దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 1981 నాటి చట్టం ప్రత్యేక జాబితాలో ఉన్న పక్షులను గూడు కట్టే కాలంలో కలవరపెట్టడాన్ని నేరంగా చూస్తుంది. వాటిని గూటి దగ్గర అలా కలవరపెట్టే అవకాశం ఉన్న ఫోటోగ్రఫీకి లైసెన్సు కావాలి. భారతదేశపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే గుడ్లనూ గూళ్లనూ కదిలించడాన్ని చేర్చింది. వెళ్లే ముందు ఆ చోటి నియమాలు చదువుకోవాలి. అనుమతి ఉన్నంత మాత్రాన దగ్గరికి పోవచ్చని కాదు.

చూసిన దాన్ని ఎలా రాసుకోవాలి?

తేదీ, సమయం, వాతావరణం, గూడు ఎత్తు, మగ ఆడ ఒక్కొక్కటి ఎన్నిసార్లు వచ్చాయి, ఏం తెచ్చాయి, ఎంతసేపు ఆగాయి అన్నవి రాసుకోవాలి. ఫోటో చూపలేనిది ఈ లెక్క చూపుతుంది. గిజిగాడి గూళ్లను ఓపికగా చూసి, మగది గూడు సగం కట్టాక ఆడది వచ్చి పరీక్షించి ఒప్పుకుంటుందనీ, ఆపైన మగది గూడు పూర్తిచేసి ఇంకో ఆడదాని కోసం ఇంకో గూడు మొదలుపెడుతుందనీ సలీం అలీ 1930లలో తేల్చారు. బ్రిటిష్ ట్రస్ట్ ఫర్ ఆర్నిథాలజీ అనే పక్షి అధ్యయన సంస్థ 1939 నుంచి గూళ్ల వివరాలను సేకరిస్తోంది, అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రం వారి నెస్ట్‌వాచ్ కార్యక్రమం కూడా అలాంటిదే. అవి అడిగే అంశాలను ముందే చూసుకుని పుస్తకంలో గడులు గీసుకుంటే తరువాత సులువు.

ఫోటోలను ఇతరులతో పంచుకోవచ్చా?

చోటు చెప్పకుండా పంచుకోవచ్చు. ఫోటో ఫైల్‌లో దాగిన జీపీఎస్ వివరాలను తొలగించాలి. వెనక కనిపించే కొండ, గుడి, వంతెన కూడా చిరునామా చెబుతాయి, వాటిని కత్తిరించాలి. అరుదైన పక్షి అయితే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి పెట్టడం మంచిది. ఒకరు పోయిన చోటుకు మరుసటి వారం పదిమంది పోతారు.

పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూటిని తీసుకోవచ్చా?

చాలా దేశాల్లో దానికీ ఆంక్షలున్నాయి. పైగా ఖాళీగా కనిపించినది ఖాళీ కాకపోవచ్చు. కొన్ని పక్షులు అదే కాలంలో రెండో ఈతకు దాన్నే వాడతాయి, డేగలు, బెగ్గురు కొంగలు ఏటేటా పాత గూటి మీదే పుల్లలు పేరుస్తూ పోతాయి, కొన్ని పక్షులు పాత గూటి పీచును కొత్త గూటికి ఎత్తుకుపోతాయి. కొలతలు కావాలంటే కాలం ముగిశాక, గూడు ఉన్న చోటే టేపుతో కొలిచి, లోపలి పొరలను ఫోటో తీసి వదిలేయవచ్చు.